డీఎస్‌ఎల్‌ఆర్‌కి అన్నిటికీ పనికొచ్చే జూమ్ లెన్స్ ఎంచుకోవడం ఎలా?

"కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ సరిపోవడం లేదు. ఇంట్లో, పెళ్లిలో, ఊళ్లు తిరిగేటప్పుడు అన్నిటికీ ఒకటే ఉండేలా ఏ లెన్స్ కొనాలి?" డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నవాళ్లు ఏడాది తిరిగేసరికి అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబుగా ఒక లెన్స్ పేరు చెప్పడం సులువే. కానీ సరిపోనిది ఏమిటో తెలియకుండా కొంటే డబ్బు పోతుంది, ఇబ్బంది అలాగే ఉంటుంది. గదిలో అందరూ ఫ్రేములో పట్టడం లేదా? వేదిక మీదివాళ్లు చిన్నగా వస్తున్నారా? హాల్లో తీసినవి మసకగా వస్తున్నాయా? ఈ మూడు ఇబ్బందులకూ మూడు వేరువేరు లెన్సులు కావాలి. కాబట్టి ముందు మీ ఫోటోలు చూద్దాం, దుకాణం సంగతి ఆ తర్వాత.

కావలసినవి

- మీ కెమెరా మోడల్ నంబరు
- ఈ ఏడాదిలో తీసిన ఫోటోల అసలు ఫైళ్లు, కనీసం మూడు నాలుగు వందలు. వాట్సాప్‌లో పంపుకున్న కాపీలు పనికిరావు, వాటిలో లెన్స్ వివరాలు మిగలవు
- కంప్యూటరు, కొలత టేపు
- ఇప్పుడున్న కిట్ లెన్స్ (కెమెరాతో వచ్చినది)
- కొనడానికి వెళ్లేటప్పుడు: మీ బాడీ (లెన్స్ కాకుండా కెమెరా), ఖాళీ మెమరీ కార్డు, టార్చి
- ఇంట్లో పరీక్షకు: ట్రైపాడ్, రెండు మూడు న్యూస్‌పేపర్ షీట్లు, టేపు

1. ఏ మౌంటో తేల్చుకోండి

మౌంట్ అంటే లెన్స్ కెమెరాకు తగిలే చోటు. కానన్ 1300డి, 1500డి, 3000డి, 200డి, 700డి, 80డి, 90డి వంటివి క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) బాడీలు. తెల్ల చతురస్రం గుర్తున్న ఈఎఫ్-ఎస్ లెన్సులు, ఎర్ర చుక్క ఉన్న ఈఎఫ్ లెన్సులు రెండూ వీటికి పడతాయి. 6డి, 5డి వంటి ఫుల్ ఫ్రేమ్ బాడీలకు ఈఎఫ్ మాత్రమే పడుతుంది.

నికాన్‌లో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. డి3000, డి5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, కాబట్టి లెన్స్‌లోనే మోటారు ఉండాలి. ఏఎఫ్-ఎస్ అయినా ఏఎఫ్-పి అయినా సరే. పాత ఏఎఫ్-డి లెన్స్ తగిలించవచ్చు గానీ చేత్తో ఫోకస్ చేసుకోవాలి. టామ్రాన్ 17-50 ఎఫ్/2.8లో (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది) కూడా నికాన్ కోసం మోటారు లేని పాత రకం, మోటారున్న తర్వాతి రకం రెండూ పాత సరుకులో తిరుగుతుంటాయి. ఇక ఏఎఫ్-పి లెన్సులు డి3100, డి3200, డి5100, డి7000, డి90 మీద ఫోకస్ కావు. డి3300, డి5300 వంటివాటికి ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి.

హెచ్చరిక: మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాల) లెన్సులు డీఎస్‌ఎల్‌ఆర్‌కి పట్టవు, దానికి అడాప్టర్ కూడా లేదు. ఆన్‌లైన్‌లో అంకెలు మాత్రమే చూసి కొంటే ఇక్కడే దెబ్బతింటారు. నికాన్ 18-140 రెండు మౌంట్లలోనూ ఉంది: ఎఫ్/3.5-5.6 అని ఉంటే డీఎస్‌ఎల్‌ఆర్‌ది, ఎఫ్/3.5-6.3 అని ఉంటే జెడ్ మౌంట్‌ది, అంటే మిర్రర్‌లెస్‌ది. కానన్ 24-105 ఎఫ్/4 కూడా అంతే, ఈఎఫ్‌లో ఉంది, ఆర్‌ఎఫ్‌లోనూ ఉంది. పేరు మొదట్లో ఆర్‌ఎఫ్, ఆర్‌ఎఫ్-ఎస్, ఈఎఫ్-ఎం, జెడ్ అని ఉంటే వదిలేయండి.

2. మీ ఫోటోల్లో ఫోకల్ లెంగ్త్ లెక్కపెట్టండి

ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్ పేరులోని 18, 55 వంటి మిల్లీమీటర్ల అంకె. అది చిన్నదైతే ఫ్రేములో ఎక్కువ వెడల్పు పడుతుంది, పెద్దదైతే దూరంగా ఉన్నది పెద్దగా వస్తుంది. విండోస్‌లో ఫోటోల ఫోల్డర్ తెరిచి, వ్యూ మెనూలో డీటైల్స్ ఎంచుకోండి. పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, మోర్ నొక్కి, జాబితాలో ఫోకల్ లెంగ్త్ దగ్గర టిక్ పెట్టండి. ఆ కాలమ్ మీద నొక్కితే ఫోటోలన్నీ వరుసలో పడతాయి. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు లైబ్రరీ ఫిల్టర్‌లో మెటాడేటా కింద ఇదే చూడవచ్చు. ఉచితంగా కావాలంటే డిజికామ్ ఉంది.

తీసినవన్నీ లెక్కలోకి తీసుకోవద్దు. మీరు దాచుకున్నవి, ఇతరులకు ఇచ్చినవి మాత్రమే లెక్కపెట్టండి. తర్వాత ఇలా చూడండి:

- సగానికి పైగా 18 దగ్గరే ఉంటే, వాటిలో అంచున ఎవరో తెగిపోయినవి, వెనక గోడకు ఆనుకుని తీసినవి ఎన్నో చూడండి. అవి ఎక్కువైతే మీకు కావలసింది ఇంకా వెడల్పు.
- ఎక్కువ 55 దగ్గర ఉంటే, వాటిని తర్వాత ఎంత కత్తిరించారో చూడండి. ఫ్రేము వెడల్పులో సగం మిగిల్చి వాడుకున్నారంటే మీకు 110 చాలు. మూడోవంతు మిగిల్చితే 165. చాలామందికి 135 దగ్గరే తీరిపోయే అవసరానికి 300 కొంటారు.
- అంకెలు చెదిరి ఉండి, పారేసినవాటిలో ఎక్కువ భాగం కదిలిపోయినవో గరుకుగా వచ్చినవో అయితే, మీ సమస్య దూరం కాదు, వెలుతురు. నాలుగో మెట్టు మీకోసమే.

3. వెడల్పు కొసను టేపుతో కొలవండి

ఫ్రేములో పట్టే వెడల్పు = దూరం × సెన్సర్ వెడల్పు ÷ ఫోకల్ లెంగ్త్. సెన్సర్ వెడల్పు కానన్ క్రాప్‌కు 22.3 మిల్లీమీటర్లు, నికాన్ క్రాప్‌కు 23.5, ఫుల్ ఫ్రేమ్‌కు 36.

ఒక లెక్క చూద్దాం. పదిమంది భుజం భుజం ఆనించి ఒకే వరుసలో కూర్చుంటే సుమారు 5 మీటర్లు. కానన్ క్రాప్ బాడీతో వాళ్లందరూ పట్టాలంటే ఎంత వెనక్కి వెళ్లాలి?

- 24 ఎంఎం దగ్గర: 5.4 మీటర్లు
- 18 దగ్గర: 4 మీటర్లు
- 15 దగ్గర: 3.4 మీటర్లు

ఇది కచ్చితంగా అంచులదాకా నిండిన లెక్క, పక్కల కొంచెం ఖాళీ కావాలంటే ఇంకో అర మీటరు కలుపుకోండి. ఇప్పుడు మీ ముందుగది కొలవండి. చాలా ఇళ్లలో సోఫాకు ఎదురుగా నాలుగు మీటర్లు వెనక్కి వెళ్లే చోటు ఉండదు. అందుకే క్రాప్ బాడీ మీద 24-105, 24-70 రోజువారీ లెన్స్‌గా పెట్టుకోవడం పెద్ద పొరపాటు. ఎర్ర గీత ఉన్న ప్రొఫెషనల్ లెన్స్ కదా అని కొంటారు, తీరా ఇంట్లో అందరినీ పట్టించడానికి వరండాలోకి వెళ్లాల్సి వస్తుంది. క్రాప్ బాడీకి లెన్స్ 15, 16, 17, 18లో ఒకదానితో మొదలవ్వాలి. 18కీ 16కీ తేడా అంకెల్లో చిన్నదే గానీ గదిలో బాగా కనిపిస్తుంది. పొడుగు కొసలో 135కీ 140కీ మధ్య అలాంటి తేడా ఏమీ కనిపించదు.

ఒక జాగ్రత్త: 15, 16 దగ్గర అంచుల్లో ఉన్నవాళ్ల ముఖాలు, భుజాలు పక్కకు సాగినట్టు వస్తాయి. గ్రూప్ ఫోటోలో చివరివాళ్లకు పక్కన చోటు వదలండి.

పొడుగు కొసకు కూడా ఇదే సూత్రం. బడి వార్షికోత్సవంలో వేదికకు 10 మీటర్ల దూరంలో కూర్చున్నారనుకోండి. 55తో 4 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే నలుగురైదుగురు పిల్లలు నిలువెత్తు. 135తో 1.65 మీటర్ల వెడల్పు, 1.1 మీటర్ల ఎత్తు, అంటే ఒకరిద్దరు నడుము వరకు. 200తో 1.1 మీటర్ల వెడల్పు. మీరు మామూలుగా ఎక్కడ కూర్చుంటారో తెలుసు కాబట్టి మీకు ఎంత కావాలో మీరే వేసుకోవచ్చు.

4. వెలుతురు పరీక్ష చేయండి

అసలు నిర్ణయం ఈ మెట్టు మీదే ఉంటుంది, దాటేయవద్దు.

సాయంత్రం ఇంట్లో లైట్లు వేసి, లేదా ఫంక్షన్ హాల్లో, కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెట్టండి. ఫ్లాష్ వద్దు. అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, మీరు పెడితే షట్టర్ స్పీడు కెమెరా చూసుకునే మోడ్) ఎఫ్/5.6, ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 3200 పెట్టి మనిషి ముఖం మీద మీటర్ చేసి, షట్టర్ స్పీడు ఎంత చూపిస్తోందో రాసుకోండి.

- 1/125 లేదా అంతకంటే వేగం: మీ చోట్లలో వెలుతురు బాగానే ఉంది. ఎఫ్/3.5-5.6 లెన్స్ చాలు, వెడల్పూ దూరమూ చూసి ఎంచుకోండి.
- 1/60 దగ్గర: నిలబడి మాట్లాడుకునేవాళ్లు వస్తారు, తలంబ్రాలు పోసుకునే చేతులు రావు.
- 1/30, అంతకంటే తక్కువ: ఎఫ్/2.8 జూమ్ గానీ బయటి ఫ్లాష్ గానీ తప్పదు.

ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2.8కి వస్తే నాలుగు రెట్ల వెలుతురు. అదే ఐఎస్‌ఓలో 1/30 కాస్తా 1/125 అవుతుంది. స్టెబిలైజర్ ఈ పని చేయదు. ఐఎస్, వీఆర్, ఓఎస్, వీసీ, పేరేదైనా అది మీ చేతి వణుకును ఆపుతుందే గానీ ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. దేవుడి గదిలో విగ్రహం స్పష్టంగా వచ్చి, హారతి ఇస్తున్న చేయి మాత్రం చెదిరిపోయిందంటే కారణం ఇదే.

5. ఇప్పుడు ఎంచుకోండి

*వెలుతురు సరిపోతుంది, దూరం కావాలి:* కానన్‌కు ఈఎఫ్-ఎస్ 18-135 (ఎస్‌టీఎం 480 గ్రాములు, 2016లో వచ్చిన యూఎస్‌ఎం 515), నికాన్‌కు ఏఎఫ్-ఎస్ డీఎక్స్ (క్రాప్ బాడీలది) 18-140 (490 గ్రాములు) లేదా తేలికైన 18-105 (420). నాలుగింటికీ ఫిల్టర్ సైజు 67 ఎంఎం. పిల్లల కార్యక్రమాలు, ప్రయాణాలు, పండగలు కలిసి ఉన్న మామూలు కుటుంబానికి ఎక్కువసార్లు సరిపోయేది ఈ వర్గమే. వీడియో తీస్తే కానన్‌లో ఈ ఎస్‌టీఎం, యూఎస్‌ఎం మోటార్లు రెండూ చప్పుడు చేయకుండా ఫోకస్ అవుతాయి.

*వెడల్పు కావాలి:* కానన్ 15-85 (575 గ్రాములు), నికాన్ 16-80 ఎఫ్/2.8-4 (480 గ్రాములు), నికాన్ 16-85. నికాన్ 16-80 ఖరీదైనదే, కానీ వెడల్పు కొసలో ఎఫ్/2.8 ఇస్తుంది. అయితే అది ఈ-రకం డయాఫ్రమ్ (అపర్చర్‌ను విద్యుత్ సంకేతంతో మార్చే) లెన్స్, డి90, డి3000 వంటి పాత బాడీల మీద అపర్చర్ మారదు.

*వెలుతురు చాలదు:* సిగ్మా 17-50 ఎఫ్/2.8 ఓఎస్ (565 గ్రాములు, 77 ఎంఎం ఫిల్టర్), టామ్రాన్ 17-50 ఎఫ్/2.8, కానన్ 17-55 ఎఫ్/2.8 ఐఎస్ (645 గ్రాములు). హాల్లో ముహూర్తం ఫోటోలు తీయాల్సివస్తే ఇవే. వీటితో 50, 55 దాటి దూరం రాదు, ముందే మనసులో పెట్టుకోండి. మధ్యేమార్గంగా సిగ్మా 17-70 ఎఫ్/2.8-4 ఉంది, 470 గ్రాములు. 22 సెంటీమీటర్ల దగ్గరి వరకు ఫోకస్ అవుతుంది కాబట్టి పూలకు, నగలకు కూడా అదే వాడుకోవచ్చు.

*ఒకటే లెన్స్, మార్చే పని ఉండకూడదు:* 18-200, 18-300, టామ్రాన్ 18-400 (సుమారు 700 గ్రాములు). దుమ్ములో, పడవలో, జాతరలో లెన్స్ మార్చలేని చోట వీటికి విలువ ఉంది. నష్టాలు కూడా స్పష్టం: పొడుగు కొసలో మెతకగా వస్తుంది, కొన్నింటికి అక్కడ ఎఫ్/6.3 మాత్రమే, సాయంత్రం ఫోకస్ కోసం ముందుకూ వెనక్కీ తడుముకుంటుంది. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు 200 అని రాసి ఉన్నా అంత పెద్దగా చూపించదు. 18కీ 400కీ మధ్య ఎన్ని రెట్లో చూసి మురిసిపోయి కొనవద్దు.

*ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాళ్లకు* ప్రశ్న సులువు: కానన్‌లో 24-105 ఎఫ్/4, నికాన్‌లో 24-120 ఎఫ్/4. బరువు తగ్గాలంటే నికాన్ 24-85 ఉంది, 465 గ్రాములు.

డబ్బు తక్కువుంటే ఏ జూమూ కొనకండి. కిట్ లెన్స్ ఉంచుకుని, వెలుతురు సమస్యకు కానన్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం గానీ నికాన్ డీఎక్స్ 35 ఎఫ్/1.8 గానీ తీసుకోండి. ఎఫ్/5.6తో పోలిస్తే దాదాపు పది రెట్ల వెలుతురు. క్రాప్ బాడీ మీద చిన్న గదిలో 50 ఇరుకు, ఒక మనిషికి బాగుంటుంది. 35తో ఇద్దరు ముగ్గురు పడతారు. దూరం సమస్యకు కానన్ 55-250 ఎస్‌టీఎం చాలు, 375 గ్రాములే. కిట్ లెన్స్, 55-250 జత 18-300 వంటి ఏ సూపర్ జూమ్ కన్నా మెరుగైన ఫోటో ఇస్తుంది, మార్చుకునే ఓపిక ఉంటే.

రేపు మిర్రర్‌లెస్‌కు మారతామేమో అని ఆగిపోనక్కర్లేదు. కానన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ బాడీల మీద పనిచేస్తాయి, నికాన్ ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ బాడీల మీద పనిచేస్తాయి. క్రాప్ లెన్సులైతే అక్కడ కూడా క్రాప్‌లోనే.

6. కొనేముందు చేతిలోకి తీసుకుని చూడండి

పై జాబితాలో కొన్నింటి తయారీ ఆగిపోయింది, కాబట్టి పాతవి చూడాల్సి రావచ్చు. హైదరాబాద్‌లో కోఠి వైపు దుకాణాలైనా, మీ ఊళ్లో ఫోటోగ్రాఫర్ దగ్గరైనా, ఈ వరుసలో చూడండి.

ఫంగస్ మొదట. రెండు మూతలూ తీసి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా లోపలికి చూడండి. నికాన్ లెన్స్‌లో అపర్చర్ రెక్కలు మూసుకుని ఉంటే వెనకనున్న చిన్న లీవర్‌ను మెల్లగా నెట్టి పట్టుకోండి. నాలుగైదు దుమ్ము కణాలు ఏమీ చేయవు. సాలెగూడులా కొమ్మలు వేసిన తెల్లటి గీతలు ఫంగస్. పొగ పట్టినట్టు పలచటి తెలుపు ఉంటే దీపాలు తీసినప్పుడు ఫోటో అంతా తెల్లబారుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తేమ ఊళ్లలో వాడిన లెన్సులను మరీ జాగ్రత్తగా చూడాలి. అంచున చిన్న మచ్చే కదా, సగం ధరకే వస్తోంది కదా అని తీసుకోవద్దు. అది పెరుగుతుంది, తేమలో పక్కన పెట్టిన లెన్సుకూ పట్టవచ్చు.

తర్వాత మీ బాడీకి తగిలించి, ఎఫ్/8 పెట్టి, జూమ్‌లో నాలుగైదు చోట్ల ఒక్కో ఫోటో తీయండి. పూర్తిగా తెరిచిన అపర్చర్‌లో మాత్రమే తీసి చూస్తే లోపం బయటపడదు. లోపలి కేబుల్ గానీ అపర్చర్ యూనిట్ గానీ పాడైతే, కొన్ని జూమ్ స్థానాల్లో ఎఫ్/8 దగ్గరే కెమెరా ఎర్రర్ చూపిస్తుంది. పాత థర్డ్ పార్టీ లెన్స్ కొత్త బాడీతో అసలు మాట్లాడకపోవడం కూడా ఉంది, అందుకే మీ బాడీ మీదే పరీక్షించాలి.

లెన్స్‌ను నేలవైపు వంచి పట్టుకోండి. జూమ్ దానంతట అదే జారితే, నిలువుగా పైనుంచి తీసేటప్పుడు ఇబ్బంది. ధర తగ్గించమనడానికి కారణం అవుతుంది, వద్దనుకోవడానికి కాదు. జూమ్ తిప్పేటప్పుడు ఇసుక రాపిడిలాంటి చప్పుడు వస్తే మాత్రం వదిలేయండి. సగం షట్టర్ నొక్కినప్పుడు వ్యూఫైండర్‌లో దృశ్యం ఎగిరెగిరి పడితే స్టెబిలైజర్ పాడైనట్టే.

మీ కెమెరాకున్న చిన్న ఫ్లాష్ వాడతారా? అయితే వెడల్పు కొసలో ఫ్లాష్‌తో ఒకటి తీయండి. లావుపాటి లెన్స్ ఫ్లాష్‌కు అడ్డుపడి ఫ్రేము కింది భాగంలో అర్ధచంద్రాకారపు నీడ పడుతుంది. హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) తీసేస్తే తగ్గుతుంది, 17-55 వంటి వాటికి అప్పటికీ పూర్తిగా పోకపోవచ్చు.

కొత్తదైతే: జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, భారతదేశపు వారంటీ కార్డు, ఈ మూడూ ఉండాలి. కానన్ మామూలు లెన్సులతో హుడ్ ఇవ్వదు, విడిగా కొనాలి. 18-135 ఎస్‌టీఎంకు ఈడబ్ల్యూ-73బి, యూఎస్‌ఎంకు ఈడబ్ల్యూ-73డి. ఒకదానిది ఇంకోదానికి అని అడగకుండా కొనవద్దు.

7. ఇంటికి తెచ్చాక, వాపసు గడువు లోపల

(అ) న్యూస్‌పేపర్ షీట్లను గోడకు చదునుగా, ఫ్రేము నాలుగు మూలలూ నిండేలా అంటించండి. ట్రైపాడ్ మీద కెమెరాను గోడకు సమాంతరంగా పెట్టండి. స్టెబిలైజర్ ఆపేయండి. ఐఎస్‌ఓ 100, రెండు సెకన్ల టైమర్, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పెద్దది చేసి మధ్యలో ఫోకస్. వెడల్పు కొస, మధ్య, పొడుగు కొస, మూడు చోట్లా పూర్తి అపర్చర్‌లో ఒకటి, ఎఫ్/8లో ఒకటి తీయండి.

కంప్యూటర్‌లో 100 శాతం పెట్టి అక్షరాలు చూడండి. పూర్తి అపర్చర్‌లో మూలలు మధ్య కన్నా మెతకగా ఉండటం మామూలే, నాలుగూ ఒకేలా మెతకగా ఉంటే లోపం కాదు. ఎఫ్/8కి మూలలు తేరుకోవాలి. ఒక పక్క మాత్రమే మసకగా ఉండి ఎఫ్/8లో కూడా తేరుకోకపోతే అనుమానించండి. కానీ వెంటనే లెన్స్‌ను తప్పుపట్టవద్దు, కెమెరా కొంచెం వంకరగా ఉన్నా ఇలాగే వస్తుంది. కెమెరాను తలకిందులుగా పట్టించి మళ్లీ తీయండి. మసక ఫ్రేములో అదే వైపు ఉండిపోతే లోపం లెన్స్‌ది. రెండో వైపుకు మారితే మీరు పెట్టిన కోణానిది.

(ఆ) రెండు మీటర్ల దూరంలో ఒక డబ్బా పెట్టి, దాని మీది అక్షరాలను పూర్తి అపర్చర్‌లో వ్యూఫైండర్‌తో ఐదు, లైవ్ వ్యూతో ఐదు తీయండి. ప్రతిసారీ ముందు దూరంగా ఉన్నదాని మీద ఫోకస్ చేసి మళ్లీ డబ్బా మీదికి రండి. లైవ్ వ్యూవి బాగుండి, వ్యూఫైండర్‌వి ఐదూ మసకగా ఉంటే ఫోకస్ ముందుకో వెనక్కో పోతోంది. 80డి, 7డి మార్క్ 2, డి7200, డి7500లో ఫోకస్ సవరణ సదుపాయం మెనూలో ఉంది, సరిచేసుకోవచ్చు. 700డి, 1500డి, డి3500, డి5600లో అది లేదు, లెన్స్ మార్చమని అడగాలి. ఐదింటిలో ఒకటి మాత్రమే తప్పితే పట్టించుకోవద్దు.

(ఇ) స్టెబిలైజర్ ఆన్ చేసి, పొడుగు కొసలో, 1/15 దగ్గర చేత్తో పది తీయండి. సగం నొక్కి, వ్యూఫైండర్‌లో దృశ్యం కుదుటపడ్డాక పూర్తిగా నొక్కండి. ఆఫ్ చేసి ఇంకో పది. ఆన్‌లో తీసినవాటిలో స్పష్టమైనవి గణనీయంగా ఎక్కువ ఉండాలి. రెండూ ఒకేలా ఉంటే పనిచేయడం లేదు.

(ఈ) రాత్రి వీధి దీపాలు ఫ్రేములో ఉండేలా ఒకటి తీయండి. దీపానికి ఎదురు మూలలో ఆకుపచ్చ చుక్కల నీడలు కనిపిస్తే, ముందు పెట్టిన యూవీ ఫిల్టర్ తీసి మళ్లీ చూడండి. చవక ఫిల్టర్ల వల్లే ఇవి ఎక్కువగా వస్తాయి.

వెడల్పు కొసలో తలుపు చట్రాలు బయటికి వంగినట్టు కనిపిస్తే వాపసు ఇవ్వకండి. 18-135, 18-140 వంటి లెన్సులన్నిటికీ ఆ వంపు ఉంటుంది. లైట్‌రూమ్‌లో లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ పెడితే సరిపోతుంది. (అ), (ఆ)లలో తప్పిన లెన్స్‌ను మాత్రం "కొన్నాళ్లు వాడి చూద్దాం" అని ఉంచుకోవద్దు. ఆ ఫోటోలనే తీసుకెళ్లి, వాపసు గడువు దాటకముందే మార్పించుకోండి.